అర పెన్నీ

ఆరువందల పౌన్లు కడితే
పన్నెండు వారాల్లో క్లౌడ్ మొత్తం నేర్పేస్తామన్నారు.
స్వాన్‌సీలో మబ్బుకి ఎవరైనా డబ్బిస్తారా?
ఆ రాత్రి నా దగ్గరున్నవి
ముప్పై ఒక్క పౌన్లు, గ్యాస్ మీటరు కార్డు,
బ్యాంకులో నా పేరు మీద పదకొండున్నర శాతం.

వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ,
గంటకి పన్నెండు పౌన్ల చిల్లర.
మూడో గదిలో గ్విలిమ్ పారీ, ఎనభై మూడేళ్ళు.
ఆయనకి నిద్ర పట్టదు, నేను నిద్రపోకూడదు.
అలా కుదిరింది ఇద్దరికీ.

"ఏం చదివావమ్మాయ్?"
చెప్పాను.
"మరి ఇక్కడేం చేస్తున్నావ్?"
దుప్పటి సర్దాను.

నలభై ఏళ్ళు పింఛన్ల లెక్కలు రాశాడట, కోబాల్‌లో.
క్లాసులో ఆ పేరు వింటే నవ్వేవాళ్ళం మేం,
మడత నలగని పంచెలో వచ్చే సంస్కృతం మాస్టారిని చూసి నవ్వినట్టు.
"నవ్వు నవ్వు. మీ జీతాలింకా దాని భుజాల మీదే వస్తున్నాయి."

బింగో కాగితాల వెనక మొదలైంది బడి.
ఏడో గడిలో నక్షత్రం పెడితే ఆ వరస మనుషుల కోసం.
యంత్రం దాన్ని చదవదు.
ఎనిమిదో గడి నుంచి యంత్రం కోసం.
వాక్యం చివర చుక్క మరిచావో
ఒక ఊరు ఊరంతా పింఛను కోసం తలుపు దగ్గర నిలబడుతుంది.

రెండింటికి మాత్రలు, మూడింటికి పక్క మార్చడం,
మధ్యలో లూపులు.
మిసెస్ బీవన్ బెల్లు కొడితే నేను పరిగెత్తేదాన్ని.
ఎక్కడ ఆగామో అక్కడ బొటనవేలు ఆనించి
నేనొచ్చేదాకా అలాగే కూర్చునేవాడు.

ఒక రాత్రి అడిగాడు:
వడ్డీ లెక్కలో అర పెన్నీ మిగిలితే ఎవరిది?
పైకి సవరిస్తే కంపెనీకి నష్టం,
కిందికి కోస్తే ముసలమ్మకి.
"అర పెన్నీయే కదా" అన్నాను.
కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"లక్షా నలభై వేల మంది ముసలమ్మలు."

ఇంటికెళ్ళే బస్సులో ఫోన్ తెరిచి
నా బ్యాంకు లెక్క మొదటిసారి చివరిదాకా చదివాను.
ఐదో తేదీ వాయిదా, పంపినందుకు రుసుము,
రుసుము మీద పన్ను, మారకంలో రాలిపోయిన పైసలు.
లేమి అంటే పెద్ద అంకెలు లేకపోవడమే అనుకునేదాన్ని.
నాది చిన్న అంకెల చిల్లులోంచి కారుతోంది.

ఆ వారం నా డబ్బుని కూడా గడుల్లోకి ఎక్కించాను.
అద్దె. బియ్యం. బస్సు. వాయిదా.
పుష్యమికి బాకీ నలభై.
ఏడో గడిలో నక్షత్రం పెట్టి:
శనివారం సముద్రం ఒడ్డున చిప్స్. అనవసరం.
వేడిగా ఉన్నాయి.

పద్నాలుగు నెలలు పట్టింది.
ఇంటర్వ్యూలో ముగ్గురికీ జుట్టు నెరిసింది.
"ఈ రోజుల్లో నీకిది ఎవరు నేర్పారు?"
"రాత్రి బడి" అన్నాను.

ఆఖరి డ్యూటీ నాడు ఒక ప్లాస్టిక్ స్కేలు ఇచ్చాడు,
ఎనభై గడులు గీసి ఉన్నది, అంచున పంటిగాట్లతో.
కానుకలు రిజిస్టర్‌లో రాయాలి, అది రూలు.
వస్తువు: పాత స్కేలు, ఒకటి.
విలువ:
"సున్నా వేసెయ్" అంది మేనేజరు, టీ కలుపుకుంటూ.
వేశాను.

కొత్త ఆఫీసులో నక్షత్రాల వరసలన్నీ చదువుతూ
ఆయన పొడి అక్షరాల కోసం వెతికాను.
ఆయన పనిచేసింది వేరే కంపెనీలో, తెలుసు.
వేరే ఎవరెవరివో ఉన్నాయి.
ఎనభై ఆరులో ఒకాయన రాసుకున్నాడు:
ఇవాళ కూతురు పుట్టింది, ఈ భాగం మళ్ళీ పరీక్షించండి.

దాని కిందే ఉంది, వడ్డీని కిందికి కోసే వరస.
ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది.
ఎందుకిలా ఉందని అడిగితే
ఎప్పట్నుంచో ఇలాగే ఉందన్నారు.

ఏడో గడిలో నక్షత్రం పెట్టాను.
ఈ అర పెన్నీ ఎవరిదో కనుక్కోవాలి, అని రాసి
తేదీ వేశాను.
మొదటి జీతం ఇంకా పడలేదు.
రేపు పదింటికి మీటింగు.